సేటుతో చైనా సమాధిలో ఒక ఆదివారం

కోదాడలో నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పే రోజుల్లో, సారు ఇంగ్లీషు దంచేస్తాడని నాకు ఊళ్ళో పేరుండేది. ఆ పేరు తెచ్చుకుంది నేనే. క్లాసులో ఒక్క తెలుగు మాట దొర్లకుండా గంటసేపు మాట్లాడేవాణ్ణి. నిజానికి నా ఇంగ్లీషంతా పుస్తకాల్లోంచి వచ్చింది. చివ్వెంల దగ్గర మా పల్లె బడిలో అక్షరాలు దిద్దుకుని, సూర్యాపేటకు బస్సులో వచ్చి పోతూ డిగ్రీ దాకా చదివాను. పై దేశం మనిషితో ఇంగ్లీషులో మాట్లాడవలసిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

తొంభైల నడుమ ఒక మధ్యాహ్నం, మిర్యాలగూడ నుంచి ఒక రైసుమిల్లు సేటుగారి పెద్దకొడుకు కాలేజీకి వచ్చాడు. అంతకుముందు వాళ్ళ చుట్టాలబ్బాయికి నేను పాఠం చెప్పాను, ఆ పరిచయం. నలుగురు మిల్లు యజమానులు కలిసి కొత్త రకం బియ్యం మిషన్లు చూడడానికి చైనా పోతున్నారట. వాళ్ళలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు లేరు. నేను వెంట వెళ్ళాలి.

"మిషన్ల సంగతి మావోళ్ళు సూసుకుంటరు సారూ. నువ్వు మాట్లాడితే సాలు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అసలు మాట ఇంకోటున్నది. మా అమ్మ పోయి ఆర్నెల్లయింది. అప్పటిసంది మా నాయిన మనిషి మనిషిగ లేడు. మిల్లుకు రాడు, ఎవ్వరితోని మాట్లాడడు. బలవంతంగ ఒప్పిచ్చి పంపుతున్నం. ఆయన్ని నీ చేతుల వెడుతున్న."

నేను తల ఊపేశాను. విమానం ఎక్కాలన్న ఆశ ఒకటి, పేరు పోతుందన్న భయం ఒకటి.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ నవ్వింది. ఆమె పుట్టిల్లు జగ్గయ్యపేట వైపు. "చైనా వాళ్ళు మీతో ఇంగ్లీషులో మాట్లాడతారని ఎవరు చెప్పారండీ?" అంది. ఆ మాట నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఆ అబ్బాయి తండ్రి పెద్ద సేటును మొదటిసారి హైదరాబాదు విమానాశ్రయంలో చూశాను. అరవై అయిదు దాటిన మనిషి. తెల్లటి ధోవతి, పైన కొడుకు కొనిచ్చిన కొత్త ఉన్ని కోటు. చేతిలో పచ్చళ్ళ సీసాలు, అటుకులు ఉన్న సంచి. నేను నమస్కారం పెడితే ప్రతినమస్కారం పెట్టాడు కానీ మాట్లాడలేదు. మిగతా ముగ్గురూ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన కిటికీ పక్కన కూర్చుని మబ్బుల్ని కూడా చూడలేదు. ముందు సీటు వీపు చూస్తూ ప్రయాణం చేశాడు.

రెండు చోట్ల విమానం మారి, మూడో రోజుకు ఆ ఊరు చేరాం. దాని పేరు నాకిప్పటికీ సరిగ్గా పలకడం రాదు. పెద్ద నది, వంతెన, ఎటు చూసినా సైకిళ్ళు, ఊరు దాటితే మన ఆయకట్టు లాగే వరి పొలాలు. మిషన్ల కంపెనీ వాళ్ళు మా కోసం ఒక అమ్మాయిని పంపారు. పాతికేళ్ళు ఉంటాయేమో. రెండు జడలు, నీలం స్వెట్టరు. నవ్వుతూ వచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నేను జవాబు చెప్పాను. ఆమెకూ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇద్దరం నవ్వుతూ నిలబడ్డాం. నలుగురు సేట్లూ నా మొహం వైపు చూస్తున్నారు. ఒకాయన అడిగాడు, "ఏమంటున్నది సారూ?" నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. "మంచిగ వచ్చిన్రా అని అడుగుతున్నది," అన్నాను. అదే అడిగి ఉంటుందని నమ్మకం.

ఆ పూటంతా అలాగే గడిచింది. మర్నాడు పొద్దున కంపెనీలో, ఒక మిషను దగ్గర ఆమె మూడుసార్లు ఒకే మాట చెప్పి, నాకు అర్థం కాక, చివరికి తన సంచిలోంచి నోటుబుక్కు తీసి ఆ మాట రాసి చూపించింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎక్కడా తప్పు లేని వాక్యం. నేను ఆ పెన్ను తీసుకుని కింద జవాబు రాశాను. ఆమె చదివి, గట్టిగా ఊపిరి వదిలి, గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. అప్పుడర్థమైంది, నాకెంత భయమో ఆమెకూ అంతే భయమని. ఆమె కూడా పుస్తకాల్లోంచి నేర్చుకున్నదే. ఆ తర్వాత పది రోజులూ మేమిద్దరం కాగితం మీదే మాట్లాడుకున్నాం. సేట్లు దాన్ని గొప్ప పద్ధతి అనుకున్నారు. "రాతకోతలు పక్కాగుండాలె. సారు తెలివైనోడు," అని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

పెద్ద సేటు మాత్రం మిషన్ల మధ్య నీడలా తిరిగేవాడు. మరపట్టిన బియ్యం అరచేతిలో పోసిస్తే వేళ్ళతో ఒకసారి కదిపి కింద పోసేవాడు. తిండి మరీ తక్కువ. హోటల్లో తెల్లన్నం తెప్పించుకుని, సీసాలోంచి మామిడికాయ తొక్కు పచ్చడి వేసుకోబోయి, మళ్ళీ మూత పెట్టేసేవాడు. ఉత్త అన్నం నాలుగు ముద్దలు తిని లేచేవాడు. పచ్చడి ఎందుకు తినడో నేను అడగలేదు.

ఆదివారం కంపెనీకి సెలవు. ముందురోజు ఆ అమ్మాయి నోటుబుక్కులో రాసింది: రేపు మిమ్మల్ని రెండువేల ఏళ్ళ నాటి సమాధికి తీసుకెళతాం, అక్కడే మ్యూజియం కట్టారు, మా మేనేజరు గారు స్వయంగా ఏర్పాటు చేశారు.

నాకు దిక్కు తోచలేదు. ఈ నలుగురూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి పటానికి దండం పెట్టుకోనిదే మంచినీళ్ళు ముట్టరు. అందులో పెద్దాయన ఇంట్లో చావు జరిగి ఇంకా ఏడాది తిరగలేదు. ఇలాంటి వాళ్ళను సమాధికి రమ్మంటే వస్తారా? రామంటే మేనేజరు మనసు కష్టపెట్టుకుంటాడు. అందుకని సగం మాటే తెలుగులో చెప్పాను. "రేపు మ్యూజియం జూపెడతరట. పాతకాలం కుండలు, బట్టలు గిట్ల ఉంటయట."

అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఊరి బయట చిన్న మట్టిగుట్ట. దాని మీద పెద్ద కప్పు వేసి భవనం కట్టారు. చలిగాలి కొడుతోంది. లోపలికి వెళ్ళగానే ఎదురుగా గొయ్యి. మన ఊళ్ళల్లో మోటబావి ఉన్నంత వెడల్పు, అంతకంటే లోతు. మెట్లలాగా కోసుకుంటూ కిందికి తవ్వారు. అడుగున ఒక్కొక్కటి మనిషి నడుమంత మందమున్న దుంగలతో పేర్చిన గది. తడి చెక్క వాసన. పక్కనుంచి ఇనుప మెట్లు దిగి దాని అంచుదాకా పోవచ్చు.

"ఏందిది సారూ?" అని ఒక సేటు అడిగాడు.

నేను జవాబు వెతుక్కునేలోగా పెద్ద సేటు అన్నాడు. ప్రయాణం మొదలయ్యాక ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి మాట అది. "బొంద."

అందరూ నా వైపు తిరిగారు. నేను ఆ అమ్మాయి రాసిన కాగితం తీసి, నేల చూపులు చూస్తూ మొత్తం చదివి చెప్పాను. ఇది ఒక పెద్ద అధికారి భార్య సమాధి. ఎముకల్ని తీసి వేరే ఊళ్ళో భద్రపరిచారు, ఇక్కడ లేవు. ఆమెతో పాటు పెట్టిన సామాన్లన్నీ పక్క గదుల్లో అద్దాల వెనుక ఉన్నాయి.

ఇద్దరు సేట్లు అక్కడికక్కడే బయటికి నడిచారు. ఇంకొకాయన, వచ్చినం గదా, చూసే పోదామని ముందుకు కదిలాడు. పెద్ద సేటు నన్ను ఒకసారి చూసి, రెయిలింగు పట్టుకుని ఇనుప మెట్లు దిగడం మొదలుపెట్టాడు. వెంట నేనూ దిగాను. ఆయన ఆ దుంగల గదిలోకి చాలాసేపు చూశాడు. నేను పక్కన నిలబడలేక, ఆ అమ్మాయి పిలుస్తున్న వంక పెట్టుకుని పైకొచ్చేశాను.

అరగంట తర్వాత బయట వ్యాను దగ్గర లెక్క చూసుకుంటే ముగ్గురే ఉన్నారు.

నేను లోపలికి పరుగెత్తాను. గొయ్యి దగ్గర లేడు. మొదటి గదిలో లేడు. ఆదివారం కదా, బడి పిల్లలు వరసలు వరసలుగా వస్తున్నారు, వాళ్ళను తప్పించుకుంటూ పట్టుబట్టలున్న గదిలో చూశాను. లేడు. ఆయనకు చైనా భాష రాదు, ఇంగ్లీషు రాదు, హిందీ కూడా అంతంతమాత్రం. జేబులో హోటలు చీటీ ఉందో లేదో నాకు తెలియదు. నీ చేతుల వెడుతున్న అన్న కొడుకు మాట చెవుల్లో మోగుతోంది. కోపం వచ్చి ఎటైనా నడిచి వెళ్ళిపోయాడా? లేక ఆ గోతి అంచున ఉండగా కళ్ళు తిరిగాయా? మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆ గోతిలోకి తొంగిచూశాను. అమ్మాయి గేటు దగ్గర కాపలావాళ్ళతో మాట్లాడుతోంది. ఆమె మొహమూ పాలిపోయింది.

చివరికి ఒక మూల గదిలో దొరికాడు.

ఆ గదిని చూసుకునే ముసలామె స్టూలు మీద ఆయన కూర్చుని ఉన్నాడు. ఆమె పక్కన నిలబడి ఉంది. నెరిసిన పొట్టి జుట్టు, చేతికి ఎర్రగుడ్డ పట్టీ. ఆయన చేతిలో ఆమె గ్లాసు. అందులో పొగలు కక్కే నీళ్ళు. బయటి నీళ్ళు ముట్టని మనిషి గుటకలు వేస్తూ తాగుతున్నాడు. ఎదురుగా అద్దంలో మట్టితో చేసిన చిన్న చిన్న బొమ్మలు. బాతులు, పొయ్యి, ధాన్యం గుమ్మి, ఇసుర్రాయి. వాటి మధ్య, ఒక చివర కాలితో తొక్కితే రెండో చివర రోకలి లేచి పడే వడ్లు దంచే కొయ్య. దాని మీద జానెడైనా లేని మట్టిమనిషి నిలబడి తొక్కుతున్నాడు. ఆ ముసలామె కాలు ఆడిస్తూ, ఇలా తొక్కేవాళ్ళం చిన్నప్పుడు అన్నట్టు చూపిస్తోంది. సేటు రెండు చేతులతో రోకలి పట్టినట్టు పట్టి, మా దగ్గర ఇలా దంచేవాళ్ళు అని చూపిస్తున్నాడు. ఒకరి మాట ఒకరికి రాదు. ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

నేను గోడకు ఆనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చలి వల్ల కాదు.

"ఎంత పరేషాన్ జేసిన్రు సేటూ," అన్నాను.

"గీడనే ఉన్న గదా సారూ," అన్నాడు తాపీగా. "ఇటు రా. గివి సూసినవా?"

పక్క అద్దంలో జాడీలు. పొడుగువి, పొట్టివి, మూతలున్నవి. కొన్నిటిని పగలగొట్టకుండా మూత తీసి లోపలిది కనిపించేలా వంచి పెట్టారు. ఒకదాంట్లో నల్లబడిన వడ్లు. ఒకదాంట్లో రేగు గింజల్లాంటివి. ఒకదాంట్లో ఊరవేసినదేదో ఎండి అట్టకట్టింది. వెదురు బద్దల మీద ఏ జాడీలో ఏముందో రాసిపెట్టారు. పోయినామెకు ఇష్టమైన తిండి అంతా పెట్టి పంపారని ఆ అమ్మాయి తర్వాత కాగితం మీద చెప్పింది. ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"మా ఆమె దవాఖానల ఉన్నప్పుడు మామిడికాయ తొక్కు అడిగింది సారూ," అన్నాడు. "ఒక్క ముద్ద, అన్నంల తొక్కేసి కలిపి పెట్టుమన్నది. డాక్టరు ఉప్పు ముట్టనియ్యొద్దన్నడు. నేను పెట్టలే. రేపు పెడత, జర తగ్గనియ్యి అన్న. తెల్లారి పోయింది."

నేను ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. ముసలామె ఏమనుకుందో, రెండడుగులు వెనక్కి జరిగి మాకు వీపు పెట్టి నిలబడింది.

"పదోనాడు మా బిడ్డ అడిగింది, సూర్యాపేటల ఇచ్చిన బిడ్డ. అందరి ముంగట అడిగింది. అమ్మ అంతగనం అడిగితె ఒక్క ముద్ద పెడితె ఏమైతుండె నాయినా అన్నది. ఏం జెప్పాలె? అప్పటిసంది ఆ బిడ్డ ఇంటికి పోలే. తొక్కు ముట్టలే."

ఆయన గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగి, మళ్ళీ జాడీల వైపు చూశాడు. మిల్లుకు వచ్చిన వడ్లలో తేమ చూసే మనిషి చూసినట్టు చూశాడు.

"ఇన్ని పెట్టిన్రు. ఎంత ప్రేమనో ఏమో, ఏదీ తక్కువ జెయ్యలే. ఒక్కటన్న తిన్నదా సారూ ఆమె? రెండువేల ఏండ్లాయె. జాడీలు జాడీల్లెక్కనే ఉన్నయ్. వడ్లు వడ్ల లెక్కనే ఉన్నయ్."

నేను అవునన్నాను.

"పోయేటప్పుడు పెట్టింది లెక్కకు రాదు. ఉన్నన్నాళ్ళు తిన్నదే తిన్నట్టు. మా ఆమె నలభై ఏండ్లు నాతోని కూసోని తిన్నది. నిడమనూరుల మాకు మిల్లు లేనప్పుడు తనే దంచి, తనే వండేది. నూకలన్నం తిన్నం, సన్నన్నం తిన్నం. తను తినకుంట నేను ఏ పూట తినలే. గది నిజం. డాక్టరు బతుకుతదని జెప్పిండు కాబట్టి వద్దన్న. సంపుదామని వద్దన్ననా?"

"ఎందుకంటరు సేటూ? బతకాలనే అన్నరు."

"బతకాలనే," అన్నాడు. ఆ మాట రెండుమూడు సార్లు అన్నాడు. కోటు చేతితో మొహం తుడుచుకున్నాడు. పెద్ద బస్తా దింపిన హమాలీకి లాగా భుజాలు కిందికి దిగాయి. తర్వాత లేచి, గ్లాసు ముసలామెకు రెండు చేతులతో ఇచ్చి దండం పెట్టాడు. ఆమె కూడా నడుము వంచింది.

గుమ్మం దాటుతుండగా నా భుజం మీద చెయ్యేశాడు. "బొంద దగ్గరికని తెలిస్తె నేను రాకపోదును. నువ్వు కావాల్ననే దాసినవ్."

"తప్పయింది సేటూ."

"తప్పే," అన్నాడు. "గాని మంచిగైంది. నడువు, తానం జెయ్యాలె. నువ్వు గూడ."

బయట ఆ అమ్మాయి మమ్మల్ని చూడగానే ఒక చిన్న కేక వేసి, పరుగెత్తుకొచ్చి సేటు చెయ్యి పట్టుకుంది. ఆమె కూడా ఏడుస్తోంది. అతిథి తప్పిపోతే మేనేజరు ఆమెను ఏమనేవాడో పాపం. సేటు ఆమె తలమీద చెయ్యి పెట్టి, "ఏం గాలే బిడ్డా, ఏం గాలే," అన్నాడు. ఆ మాటను నేను కాగితం మీద రాయవలసిన పని లేకపోయింది.

ఆ హోటల్లో వేడినీళ్ళు సాయంత్రం ఏడింటికి గానీ రావు. అప్పటిదాకా ఆగనన్నాడు సేటు. నలుగురూ, అయిదోవాణ్ణి నేనూ, కట్టుబట్టలతో చన్నీళ్ళ కింద నిలబడ్డాం. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. నా వణుకు చూసి ఆయన నవ్వాడు. ఆయన నవ్వు నేను మొదటిసారి విన్నది అక్కడే, ఆ స్నానాలగది గోడల మధ్య. ఆ రాత్రి భోజనం దగ్గర సీసా మూత తీసి అన్నంలో తొక్కు కలుపుకున్నాడు. మిగతా ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని, తలలు వంచుకుని తమ తిండి తాము తిన్నారు.

తర్వాతి రోజుల్లో ఆయన వేరే మనిషి. మిషనులోంచి వచ్చిన బియ్యాన్ని గుప్పిట్లోకి తీసుకుని, పంటికింద వేసుకుని, విరిగిన గింజల్ని వేరు చేసి కంపెనీ ఇంజనీరు ముందు పెట్టాడు. "గిన్ని నూకలైతె మా దగ్గర నడువదని జెప్పు సారూ." నా చెయ్యి నొప్పి పుట్టేలా రాయించాడు. మేనేజరు చివరిరోజు ఆ అమ్మాయితో రాయించిన మాట ఇది: ఈ పెద్దాయన మొదటి రోజే ఇలా మాట్లాడి ఉంటే మాకు చాలా కష్టమయ్యేది. అది చదివి వినిపిస్తే సేటు మీసంలోనే నవ్వుకున్నాడు.

హైదరాబాదు నుంచి జీపులో బయల్దేరాం. మామూలుగా అయితే వాళ్ళు నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ వైపు తిరగాలి, నన్ను కోదాడ బస్సు ఎక్కించాలి. పెద్ద సేటు డ్రైవరుతో, "సీదా పేటకు పోనియ్యి," అన్నాడు.

సూర్యాపేటలో మార్కెట్టు వెనుక వీధి. కూతురు వాకిట్లో చాటలో పప్పు చెరుగుతోంది. జీపులోంచి తండ్రి దిగడం చూసి చాట పక్కన పెట్టి లేచింది కానీ అడుగు ముందుకు వెయ్యలేదు. ఆయనే వెళ్ళాడు.

"ఆకలైతున్నది బిడ్డా," అన్నాడు. "ఏం వండినవ్?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పప్పుచారు నాయినా," అంది. "లోపటికి రా. చెప్పులు గాడనే ఇడువు, ఎవ్వరు దీస్కపోరు." ఆ వంకన నవ్వింది, ఏడ్చింది కూడా. వాళ్ళు లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మేమందరం వాకిట్లో మంచం మీద కూర్చున్నాం. కాసేపటికి లోపలి నుంచి ఆయన గొంతు గట్టిగా వినిపించింది. అల్లుడితో చైనా సైకిళ్ళ గురించి చెబుతున్నాడు. మిగతా సేట్లలో ఒకాయన కళ్ళు మూసుకుని, "అమ్మయ్య," అన్నాడు.

నేను బస్టాండుకు నడిచి వెళ్ళి, విజయవాడ బస్సెక్కి, పొద్దుగూకే వేళకు కోదాడలో దిగాను. మా ఆవిడ తలుపు తీసి, నా సంచి అందుకుని, "మాట్లాడగలిగారా మరి?" అంది.

"రాసుకున్నాం," అన్నాను.

ఆమె అర్థం కానట్టు చూసింది. అన్నీ తర్వాత చెబుతానని, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయాను. అంత హాయిగా ఆ మధ్య ఎప్పుడూ నిద్ర పట్టలేదు.